అచ్చులో పోగులు కోసిందెవరు

కరోనా వచ్చిన రెండో ఏడు, మార్చి మొదట్లో, కింద హాలు ఊడ్చి కిటికీలు తెరుద్దామని దిగాను. మగ్గం మీద కప్పిన దుప్పటి తీసి చూస్తే అచ్చులో ఒక్క పోగు లేదు.

నేత తెలియనివాళ్ళకు ఇదేం పెద్ద విషయమా అనిపిస్తుంది. బట్ట నేయడం అయిపోయాక పడుగు, అంటే నిలువు పోగుల వరస, చివర మూరెడు అచ్చులోనే ఉంచేస్తారు. అచ్చు అంటే దువ్వెన లాంటిదే, సందు సందులోంచీ పోగులు దూరి ఉంటాయి. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఈ పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతికిస్తే, పాతదాన్ని పట్టుకుని కొత్తది తనంతట తానే దూరిపోతుంది. పాతవి లేకపోతే వందల సందుల్లో ఒక్కో పోగూ మొదటి నుంచి తోడుకోవాలి, అంటే సూదిలోకి దారంలా దూర్చుకోవాలి. అందుకని మళ్ళీ నేసే ఉద్దేశం ఉన్న ఇంట్లో అచ్చు ఖాళీ చేయరు. చేశారంటే ఆ మగ్గానికి దండం పెట్టేసినట్టే.

ఎలుకలేమో అని ముందు అనుకున్నాను. కానీ కోసిన పోగుల్ని చుట్టచుట్టి మగ్గం ముందు కూర్చునే పలక కింద పెట్టారు, కొసలు కత్తెరతో కోసినట్టు సాఫుగా ఉన్నాయి. అంత శుభ్రం తెలిసిన ఎలుక మా ఆల్థాన్ పేటలో లేదు. ఇది ఇంట్లో మనిషి పని. మా సమ్మర్ క్యాంపును ఎవరో శాశ్వతంగా మూసేద్దామనుకుంటున్నారు, నాతో ఒక్క మాట చెప్పకుండా.

ఆ క్యాంపు మా ఇంటిది. మా అత్తమామలు కరీంనగర్ వైపు నేతవాళ్ళు. మామయ్య గుజరాత్‌లోని ఈ ఊరు వచ్చి ముప్పై ఏళ్ళు పవర్‌లూముల మధ్య నిలబడ్డాడు. "పన్నెండు గంటలు మిషన్ కాడ నిలబడేటోని పిల్లలకు పడుగుల పేక ఎటుకెల్లి ఎటు పోతదో ఎరుక లేదు, ఇదేం బతుకు" అని అత్తమ్మ సతాయిస్తే, ఆయన వడ్రంగితో చిన్న చేతిమగ్గం చేయించి, దుకాణం కోసమని కట్టిన కింది హాల్లో పెట్టించాడు. ఆయన పోయినా మగ్గం ఉంది. ఏటా మే నెలలో, బడులకు సెలవులివ్వగానే, పొద్దున్న ఏడు నుంచి పన్నెండు దాకా క్యాంపు. అత్తమ్మ మగ్గం నేర్పేది. నేను తెలుగు అక్షరాలు, పద్యాలు, కథలు చెప్పేదాన్ని. మా యారాలు, అంటే మా మరిది భార్య, ఉప్మా, మజ్జిగ చూసుకునేది. మరిది మగ్గాల గల్లీ పిల్లల్ని ఆటోలో రెండు విడతలుగా తెచ్చేవాడు. అడాజన్, ఆల్థాన్ ఫ్లాట్ల పిల్లల్ని వాళ్ళ తల్లులే స్కూటర్ల మీద దించేవాళ్ళు. వాళ్ళలో సగం మంది తండ్రులు మా ఆయనలాగే హజీరా ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లు.

నా సంగతి కూడా చెప్పేస్తాను, దాచేదేముంది. నేను వరంగల్‌లో ఎమ్మే చదివి ఇక్కడికొచ్చి ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. ప్రిన్సిపాల్‌తో ఒకసారి మాట పెరిగింది. పెంచింది నేనే. మానేశాను. తర్వాత ఏడాదికి ఒక్క నెల ఈ హాల్లోనే నన్ను 'టీచర్' అనేవాళ్ళు. మిగతా పదకొండు నెలలు 'ఏమోయ్, పాలు పొంగుతున్నట్టున్నాయి చూడు.' క్యాంపు మూసేస్తే నాకు పాలే మిగులుతాయి. కాబట్టి ఆ పోగులు ఎవరు కోశారో తెలుసుకునేదాకా ఊరుకునేది లేదనుకున్నాను.

మొదటి అనుమానం యారాలి మీద. న్యాయంగా చెబుతున్నాను, కారణాలు లేకుండా అనుమానించలేదు. మొదటి ఏడు లాక్‌డౌన్‌లో క్యాంపు లేదన్నప్పుడు ఇంట్లో నవ్విన మనిషి ఆమె ఒక్కతే. "మంచిగైంది అక్కా, ఈ ఏడు ఉప్మా గోల తప్పింది" అంది. తర్వాత హాల్లో కుట్టుమిషను పెట్టుకుని మాస్కులు కుట్టడం మొదలుపెట్టింది. పిల్లల పలకల అలమర 'జరంత' పక్కకు జరిపింది. ఆ జరంత ఆరడుగులు. మళ్ళీ ఫిబ్రవరిలో ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే టేపు పట్టుకుని కిటికీలు కొలుస్తోంది. నన్ను చూసి టేపు చీరచెంగులో దాచేసింది. దాచడమెందుకు?

దీనికి తోడు మా మరిది. సలాబత్‌పురాలో చీరల దుకాణంలో పనిచేస్తాడు, ఫోనులో సగం గుజరాతీ. ఒక సాయంత్రం హాలు ముందు నిలబడి "జగ్యా ఖాలీ థై జశే, చింతా నా కరో" అనడం నా చెవులతో విన్నాను. జాగా ఖాళీ అయిపోతుంది, చింత పడకండి అని. ఏ జాగా? ఎవరికి చింత? హాలు ఎవరికో అద్దెకు ఇస్తున్నాడని నాకు తేలిపోయింది.

మా ఆయనతో చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ, "నువ్వు పోలీసుల్లో చేరాల్సింది. స్కూల్లో చేరి అందర్నీ ఇబ్బంది పెట్టావు" అన్నాడు.

"మీ తమ్ముణ్ణి అడగండి."

"నువ్వే అడుగు. నేను అడిగితే నువ్వు అడిగినంత బాగుండదు."

అడిగాను. భోజనాల దగ్గరే, అందరి ముందూ, వడ్డిస్తున్న గరిటె చేతిలో ఉండగానే. "అచ్చులో పోగులు కోసింది ఎవరు?"

యారాలు నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగింది. "నన్నెందుకు చూస్తవక్కా? నేను కోస్తే చెప్పి కోస్త. నాకేం భయమా?"

"కిటికీలు ఎందుకు కొలిచావు? టేపు ఎందుకు దాచావు?"

"నువ్వు చూస్తే ఇట్లనే ఇంక్వైరీ పెడ్తవని దాచిన. రెండో బ్యాచ్ పిల్లలకు పగటీలి ఎండ మొకం మీద కొడ్తది గదా. పర్దాలు కుడదామని కొలిచిన. చాలా, ఇంకేమన్న కావాల్నా?"

"ఖాలీ థై జశే?" అన్నాను మరిదితో.

వాడు నవ్వాడు. "మా సేఠ్ గోదాం వదినె అది. సలాబత్‌పురాల పక్క గోదాం ఖాళీ అయితుంది, మాకు కావాలె. నీ హాలు ఎవనికి కావాలె? పిల్లలు గోడల మీద క గుణింతం రాసిండ్రు."

నేను నమ్మలేదు. ఇద్దరూ ఇంత తడుముకోకుండా జవాబు చెప్పారంటే ముందే మాట్లాడుకుని ఉంటారని మరింత అనుమానం వచ్చింది. అత్తమ్మ ఇదంతా వింటూ మజ్జిగన్నం కలుపుకుంటోంది. తిని, చేయి కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని అంది:

"వాళ్ళ మీద ఎందుకు పడ్తవే? నేనే కోసిన."

గరిటె పప్పు గిన్నెలో వదిలేశాను. "మీరా? ఎందుకు?"

"ఇగ ఎండకాలం బడి లేదు."

"ఎవరు చెప్పారు లేదని? తగ్గింది కదా కరోనా! ఏర్పాట్లన్నీ చేశాను కదా!"

"ఏర్పాట్లు జేసినవ్" అంది ఆమె. అదే మాట నాకు తిరిగి వినిపించింది తప్ప ఇంకేం లేదు. "గల్లీకి పోయి అడుగు పో. వాళ్ళు చెప్తరు నీ ఏర్పాట్లు."

ఏర్పాట్లు ఏమిటో చెప్పాలి. మా క్యాంపు మొదటి రెండు రోజులూ పడుగు అతకడమే. ఇద్దరిద్దరు పిల్లలు ఎదురెదురుగా, నుదుళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. ఒకరు పాత పోగు ఏరి ఇస్తే ఒకరు కొత్తది కలుపుతారు. నాలుకతో వేలు తడిపి, బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. అత్తమ్మ ప్రతి జంటలోనూ ఒకరిని ఫ్లాట్ల నుంచి, ఒకరిని గల్లీ నుంచి కూర్చోబెట్టేది. ఎందుకని ఒకసారి అడిగితే "రెండు తీర్ల చేతులైతేనే ముడి జారదు" అంది. ఇది నేతలో ఎక్కడా లేని శాస్త్రం. నేను ఇద్దరు ముగ్గురు నేతగాళ్ళను అడిగి మరీ తేల్చుకున్నాను. కానీ పదమూడు వేసవులు ఆమె చెప్పినట్టే జరిగింది.

ఇప్పుడు నాలుకతో వేలు తడపడమంటే ఎవరు ఒప్పుకుంటారు? జనవరిలోనే అడాజన్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. ఇంజనీరు భార్య, ముందు నా ఆరోగ్యం, తర్వాత వాతావరణం, ఆ తర్వాత మెల్లగా: "ఈసారి ఆ మగ్గాల వైపు పిల్లలు కూడా వస్తారా ఆంటీ? అంటే, నాకేం లేదు. మావారే కొంచెం..." ఆ 'మావారు' ఎన్ని ఇళ్ళల్లో ఉన్నారో నాకు తెలుసు. ఫ్లాట్ల పిల్లలు రాకపోతే క్యాంపు సగం పోతుంది. అందుకని నేను తెలివిగా ఒక దారి కనిపెట్టాను. రెండు బ్యాచులు. ఫ్లాట్ల పిల్లలు పొద్దున్న, గల్లీ పిల్లలు మధ్యాహ్నం. ఉమ్మి బదులు గిన్నెలో నీళ్ళు. అందరికీ మాస్కు. ఫ్లాట్ల తల్లులకు గ్రూపులో రాసి పెట్టాను. గల్లీ తల్లుల్లో సగం మందికి చదవడం రాదు కాబట్టి వాళ్ళకు నా గొంతుతో రికార్డు చేసి పంపాను. ఇది కూడా నా మంచితనం కిందే లెక్క వేసుకున్నాను అప్పుడు. యారాలికి చెప్పాను గానీ అత్తమ్మకు చెప్పలేదు. ఆమెకు చెప్పడమంటే వారం రోజుల వాదన, నాకు ఓపిక లేకపోయింది.

మర్నాడు స్కూటరేసుకుని గల్లీకి వెళ్ళాను. అత్తమ్మ వెళ్ళమన్నందుకు కాదు, ఆమె ఎవరి మాట విని ఇలా చేసిందో పట్టుకుందామని. అక్కడ ఎవరో చాడీలు చెప్పి ఉండాలి.

నాకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి ఉంది. ఆ అమ్మాయికి పదకొండేళ్ళు. పోగు అతకడంలో అంత చురుకైన పిల్లను నేను చూడలేదు, అత్తమ్మ కూడా దానికి రెండోసారి చెప్పాల్సిన పని ఉండేది కాదు. తల్లి గడపలోనే కూర్చుని చీరకు రాళ్ళు అంటిస్తోంది. ఎప్పుడు వెళ్ళినా లేచి కుర్చీ వేసే మనిషి, ఆ రోజు లేవలేదు. ముక్కు మీదికి కొంగు లాక్కుంది.

"దూరంగనే ఉండు టీచరమ్మా. మేం ఇంక స్నానం జెయ్యలే."

నాకు అర్థం కాలేదు. "ఏంటమ్మా ఆ మాట?"

"నువ్వే అంటివి గదా."

"నేనెప్పుడన్నాను? ఎవరు చెప్పారు నేనన్నానని? మా యారాలేనా?"

ఆమె బంక అంటిన వేళ్ళు చీరకు తుడుచుకుని, ఫోన్ తీసి, నొక్కి, గడప మీద పెట్టింది. నా గొంతు వినిపించింది. పిల్లలకు కథ చెప్పేటప్పటి గొంతు, తియ్యగా, ఒక్కో మాటా విడదీసి:

"మగ్గాల వైపు నుంచి వచ్చే పిల్లలకు ఈసారి మధ్యాహ్నం బ్యాచ్ అమ్మా. పంపే ముందు పిల్లలకు శుభ్రంగా స్నానం చేయించి, ఉతికిన బట్టలు వేసి పంపండి. ఇది అందరి మంచి కోసమే."

ఫ్లాట్ల వాళ్ళకు రాసినదాంట్లో స్నానం మాట లేదు. నాకు బాగా గుర్తు. వాళ్ళు స్నానం చేస్తారా లేదా అన్న ఆలోచనే నాకు రాలేదు.

"ఇన్నేండ్లు వచ్చింది నా బిడ్డ," అంది తల్లి. "ఎన్నడన్న ఉతకని గౌను మీద వచ్చిందా? చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"లేదు" అన్నాను.

"మరి?"

అందరూ భయపడుతున్నారనీ, ఫ్లాట్ల వాళ్ళు పిల్లల్ని పంపబోమన్నారనీ, క్యాంపు నిలబెట్టడానికే చేశాననీ చెప్పాను. చాలా బాగా చెప్పాను, వాదనలో నేను తక్కువ తినలేదు ఎన్నడూ. ఆమె వింటూ ఇంకో రాయి అంటించింది.

"పోయినేడు మేం రైళ్ళల్ల నిలబడి ఊర్లకు పోయినం. మా గల్లీల ఎవ్వలు సావలే. మీ అడాజన్ల ఎంతమంది పోయిండ్రో మాకెరుకే. అసలు మేం భయపడాలె మీకు. ఒక్కనాడన్న అన్నమా?"

లోపల నుంచి అమ్మాయి వచ్చింది. ఏడాదిలో జానెడు పెరిగింది. నేను నవ్వాను. అది నవ్వలేదు.

"నువ్వన్నా చెప్పవే, వస్తావు కదా?"

"బపోర్ బ్యాచ్‌కి నై వస్త, టీచర్" అంది. బపోర్ అంటే వాళ్ళకు మధ్యాహ్నం. "పొద్దుగాల వాళ్ళొచ్చి పడుగు మొత్తం అతికించేస్తరు. మేం వచ్చేటప్పటికి ఖతం. మాకేం పని మిగుల్తది? ఊడ్చుడా?"

నేను రెండు బ్యాచుల గురించి ఎన్నో ఆలోచించాను. గాలి, ఎండ, మాస్కులు, మజ్జిగ గ్లాసులు. ఈ ఒక్క సంగతి ఆలోచించలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వరండాలో వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కన కూర్చున్నాను. ఆమే అంది, కూరగాయల బండి దగ్గర గల్లీ తల్లి ఎవరో ఫోన్ తీసి నా రికార్డు వినిపించిందట. "నా కోడలు గొంతే అన్న. ఇంటికొచ్చి నువ్వు చెప్తవేమోనని మూడు దినాలు చూసిన. చెప్పలే. నాలుగోనాడు కత్తెర తీసుకొని కిందికి పోయిన."

"నన్ను తిట్టొచ్చు కదా!"

"తిడితే నువ్వూ తిడ్తవ్. నాకంటే మంచిగ తిడ్తవ్."

"మళ్ళీ తోడదాం అత్తమ్మా. నేను కూర్చుంటాను మీ పక్కన. అందరికీ ఒకే బ్యాచ్ అని చెబుతాను, తప్పయిందని చెబుతాను."

"తోడే కండ్లు లేవు నాకు. ఉన్నా..." అని ఆగి, వెల్లుల్లి పొట్టు ఊదింది. "ఉన్నా నీకు తోడియ్య."

ఏప్రిల్‌లో రెండో విడత వచ్చిపడింది. ఆసుపత్రుల ముందు వరసలు, అంబులెన్సుల మోత. ఆ ఏడు మేలో క్యాంపు గురించి ఎవరూ అడగలేదు. నాకు కొంచెం హాయిగానే అనిపించింది, ఒప్పుకుంటాను. కారణం చెప్పాల్సిన పని తప్పింది. 'కరోనా' అంటే చాలు, అందరూ తలూపుతారు.

ఆ తర్వాతి ఏడు అన్నీ తెరుచుకున్నాయి. నేను ఊరుకోలేదు. మగ్గం లేకపోతే పోయిందని, అక్షరాలు, పద్యాలే అయినా సరేనని, మళ్ళీ రికార్డు చేసి గల్లీ తల్లులందరికీ పంపాను. పోయినసారి నేను తప్పు మాట్లాడానని, అందరికీ ఒకే బ్యాచ్ అని, ఆటో వస్తుందని. ఫోన్‌లో నీలం గీతలు వచ్చాయి. విన్నారు. జవాబు ఒక్కటీ రాలేదు. మొదటి రోజు మరిది ఆటో తీసుకుని వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాడు. "హారన్ కొట్టి కొట్టి వచ్చిన వదినే. కిటికీల కెల్లి చూస్తుండ్రు, ఎవ్వలు దిగలే."

ఫ్లాట్ల నుంచి ఆరుగురు వచ్చారు. పలకలు పట్టుకుని గోడవారగా కూర్చున్నారు. ఫోన్ చేసిన ఆ అడాజన్ తల్లి కూడా కొడుకును దించడానికి వచ్చింది. హాలు నాలుగు వైపులా చూసి, నా చెవి దగ్గరకు వంగి, "ఈసారి వాళ్ళు రాలేదా ఆంటీ? పోనీలెండి, పిల్లలు ప్రశాంతంగా నేర్చుకుంటారు" అంది.

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకు అర్హత లేదు. ఆమె నా చెవిలో అంది, నేను ఫోన్‌లో రికార్డు చేశాను, అంతే తేడా. కానీ ఆ ఆరుగురికి పద్యం మొదలుపెడదామని నోరు తెరిస్తే, గడప మీద ఫోన్‌లోంచి వచ్చిన ఆ తియ్యటి గొంతే వచ్చింది. ఆపేశాను.

"తీసుకెళ్ళండమ్మా. క్యాంపు లేదు."

"అదేంటి? మీరే కదా మెసేజ్ పెట్టారు?"

"పెట్టాను. లేదు ఇక."

"మళ్ళీ కేసులేమైనా..." అని అనుమానంగా చూసింది. "మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా? చెప్పండి, దాచకండి. మావాడు అరగంట నుంచి ఇక్కడే ఉన్నాడు."

"మా ఇంట్లో ఎవరికీ ఏం రాలేదు. నేను మూసేస్తున్నాను, అంతే."

ఆమె నమ్మలేదు. కొడుకు చేతుల మీద సానిటైజరు పోసి, రెండు చేతులూ రుద్ది, స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి గ్రూపులో మా ఇంట్లో కరోనా ఉందని అందరికీ తెలిసిపోయింది. నేను కాదనలేదు. ఎవరికి ఏం చెప్పినా నమ్మేవాళ్ళెవరు?

పిల్లలందరూ వెళ్ళాక పలకలు సర్దుతుంటే యారాలు వచ్చింది. చేతిలో ఉప్మా గిన్నె, అందరికీ చేసింది, గల్లీ పిల్లలకూ కలిపి. గిన్నె కింద పెట్టి, తాళం నడుముకు దోపుకుని, షట్టర్ ఒక కొస పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. అది సగం దాకా వచ్చి ఎప్పటిలా ఇరుక్కుంది. ఇద్దరం కాలితో తన్నితే దిగింది.

"నన్ను దొంగను జేస్తివి," అంది ఆయాసపడుతూ. "అన్నం కాడ, అందరి ముంగట. ఆఖరికి మూసింది ఎవరు అక్కా?"

"ఆ తాళం ఇటివ్వు" అన్నాను.